లాగడం వేరు, ఆపడం వేరు

ట్రైలరు అనగానే నేటి పిల్లలకు సినిమా స్ఫురిస్తుంది. తొలినాళ్లలో ఆ తునకలను అసలు సినిమా ముగిసిన తరువాత చూపేవారు. వెనుక వచ్చేది గనుక ఆ పేరు స్థిరపడింది. గాజువాకలో కాపురముండే మాబోంట్లకు మాత్రం ఆ మాట వినగానే కళ్లముందు నిలిచేది వేరు. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ ఊరికిచ్చిన నిత్యదృశ్యం అది: ఇనుపకమ్ములనూ తీగచుట్టలనూ మోసుకొని పగలూ రాత్రీ సాగిపోయే పొడవాటి ట్రైలర్లు. జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకొన్న నాకు వాటితో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. క్రిందటి వేసవిలో పడింది.

మా మేనల్లుడు చోడవరం దగ్గర పల్లెలో ఉంటాడు. తల్లి గాజులు తాకట్టు పెట్టి చిన్న ట్రాక్టరు కొన్నాడు. మాడుగుల చుట్టుప్రక్కల, ఆపైన పాడేరు కొండ మీద, చిన్న కమతాలలో అద్దెకు దుక్కి దున్నడం అతని జీవనోపాధి. పొలం టైర్లతో తారురోడ్డు మీద అంతదూరం నడిపితే టైర్లు అరుగుతాయి, సగం రోజు దారిలోనే పోతుంది. అద్దె వ్యానులో ఎక్కించాలంటే ఎత్తైన గట్టు వెతుక్కొని వ్యానును దానికి ఆనించాలి. అందుకని తన జీపు వెనుక కట్టుకొనే ట్రైలరు కొనాలని సంకల్పించాడు.

“మావయ్యా, ఒకచోట బ్రేకుల్లేనిది చవగ్గా చేసిస్తానన్నారు. మన జీపు ఎంతైనా లాగుతుంది కదా!” అన్నాడు.

ఆ “లాగుతుంది కదా” అన్న మాట నాకు ముల్లులా తోచింది. నా దగ్గర చదువుకొన్న ఒక శిష్యుడు ఇప్పుడు ఉక్కు మోసే ట్రైలరు నడుపుతున్నాడు. మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని అతని వద్దకు వెళ్లాను. అతడు విని నవ్వి, “మాస్టారూ, లాగడం ఇంజను పని. ఆపడం బ్రేకు పని. వెనకున్న బరువుకి రెండూ తెలీవు. ముందు బరువెంతో తూయించండి” అన్నాడు.

తూయించాము. ట్రాక్టరు ఎనిమిది వందల కిలోలు, రోటవేటరు రెండు వందల పైచిలుకు, ట్రైలరు స్వంత బరువు దాదాపు ఐదు వందలు, వెరసి టన్నున్నర. జీపు బరువుకు ఇది ఇంచుమించు సమానం. బ్రేకులేని ట్రైలరైతే కొండ దిగేటప్పుడు జీపు బ్రేకులు రెండు జీపులను ఆపవలసి వస్తుంది. ఐరోపా దేశాలలో 750 కిలోలు దాటిన ట్రైలరుకు స్వంత బ్రేకులు ఉండితీరాలన్న నిబంధన ఊరికే పుట్టలేదు. జీపు తయారుచేసినవారు ఎంత బరువు లాగవచ్చునన్నారో దాని పుస్తకంలో చూసుకోవడం కూడా అప్పుడే జరిగింది.

పాఠకమిత్రులారా, ఇక్కడ నాకు మా నాన్నగారి ఎడ్లబండి జ్ఞప్తికి వచ్చింది. అనకాపల్లి సంతకు బెల్లం దిమ్మలు వేసుకొని వెళ్లేవారు. దిమ్మలు పేర్చిన తరువాత కాడిని ఒక చేత్తో ఎత్తి చూసేవారు. బరువు ముందుకు ఎక్కువైతే ఎద్దు మెడ ఒరుసుకొనిపోతుంది. వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేచి మెడపలుపు గొంతుకు బిగుస్తుంది. కాడి మీద కొద్దిపాటి బరువు ఉండాలి, అతిగా ఉండరాదు.

ట్రైలరుకూ ఇదే సూత్రం. మొత్తం బరువులో పదోవంతు మొదలు ఏడోవంతు దాకా జీపు కొక్కెం మీద ఆనాలట. మా లెక్కకు నూటయాభై మొదలు రెండు వందల కిలోలు. వెనుకబరువైతే వేగం పెరిగినకొద్దీ ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఆ ఊపు జీపును కూడా త్రోవ తప్పిస్తుంది. మరీ ముందుబరువైతే జీపు వెనుకభాగం కుంగి, ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. తూచడానికి గొప్ప యంత్రమేమీ అక్కరలేదు. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద ట్రైలరు ముక్కును ఆనించి, ట్రాక్టరును కొంచెం ముందుకూ వెనుకకూ జరిపి, సరైన చోట బల్లమీద రంగుతో గీత గీశాము.

ఇక ఒక ఇరుసా, రెండిరుసులా అన్న మీమాంస. రెండిరుసులుంటే ఒక టైరు పగిలినా ప్రక్కది కాస్తుంది, నడక నిలకడగా ఉంటుంది. కానీ గరికబంద దాటాక వచ్చే ఘాట్ మలుపులలో నాలుగు చక్రాలూ ఈడ్చుకొని టైర్లు అరుగుతాయి, ఖరీదూ ఎక్కువే. మా టన్నున్నరకు బలమైన ఇరుసు ఒకటి చాలునని, ఆ మిగులును బ్రేకులకు పెట్టమని శిష్యుని సలహా. జీపు వేగం తగ్గగానే ట్రైలరు ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడే కడ్డీని కదిపి ట్రైలరు బ్రేకులను పట్టిస్తుంది. పల్లంలో బండి ఎద్దులను నెట్టడం ఎరిగినవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు. అయినా కొండ దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. బ్రేకు మీదే భారం వేస్తే అది కాలిపోతుంది.

మిగిలినవి చిన్నవిగా కనబడే పెద్ద సంగతులు. ఎక్కించే బల్ల నిట్రంగా ఉంటే ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. రెండడుగుల ఎత్తుకు ఆరడుగుల బల్ల కంటె ఎనిమిదడుగులది మేలు. నైలాను తాడు సాగుతుంది. నాలుగు మూలలా గొలుసులు వేసి బిగించాలి. కొక్కెం ఊడినా ట్రైలరు విడిపోకుండా రెండు గొలుసులు అడ్డదిడ్డంగా దాని క్రింద ఉండాలి. నాలుగు మైళ్లు నడిచాక ఒకమారు దిగి కట్లు చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడా వాహనంగానే పరిగణిస్తుంది. దానికీ రిజిస్ట్రేషను ఉండాలి. అది లేనినాడు ప్రమాదం జరిగితే బీమా సొమ్ము చిక్కుల్లో పడుతుంది.

మేనల్లుడికి చవక బేరం వదులుకోవడం కష్టంగానే తోచింది. బ్రేకులున్న దానికి ముప్పైవేలు అదనం. “ఈ సీజన్ సంపాదన అంతా దీనికే పోతుంది మావయ్యా” అన్నాడు. అతని బాధ అబద్ధం కాదు. మా చెల్లెలికి వాడొక్కడే కొడుకు. ఆ మాట నేను పైకి అనలేదు, ఆమే అన్నది: “గాజులు మరో ఏడాది కొట్లోనే ఉండనీ. నాకేం తొందర?”

తొలకరికి ముందే బ్రేకుల ట్రైలరు వచ్చింది. పాడేరు వెళ్లిన ప్రతిసారీ కొండ ఎక్కాక ఒకమారు, దిగాక ఒకమారు తల్లికి ఫోను చేస్తాడు. గాజులు ఇంకా కొట్లోనే ఉన్నాయి.