కోపిష్ఠి పిచ్చుక

“ఉప్పు తగ్గించండి, కోపం తగ్గించండి” అని మీకు చెప్పే నేనే కిందటేడు రక్తపోటు 160/100కి తెచ్చుకున్నాను. మాత్రలు మొదలుపెట్టాను. పొద్దున్నే అరగంట పెరట్లో కూర్చోమని మా ఆవిడ ఆర్డరు వేసింది.

అక్కడ నాకంటే కోపిష్ఠి ఒకడున్నాడు. మగ పిచ్చుక! (గొంతు కింద నల్లమచ్చ ఉంటే మగది.) నా స్కూటరు అద్దంలో తన్ను తానే చూసుకుని, ఎవడో పోటీకొచ్చాడని ఒకటే పొడవడం. అలసిపోయి అద్దం వెనక్కెళ్ళి తొంగి చూస్తాడు. ఎవడూ ఉండడు. మళ్ళీ వచ్చి పొడుస్తాడు. ఆస్పత్రిలో కాంపౌండరు మీద కేకలేసే నేనే గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. చివరికి అద్దానికి పాత మేజోడు తొడిగాను. వాడు గూడు పని చూసుకున్నాడు.

పక్షులకని మట్టిమూకుడులో నీళ్ళు కూడా పెట్టాం. గోరువంక స్నానం చేస్తోందని మురిసి దగ్గరికెళ్తే, నీళ్ళలో దోమపిల్లలు గిలగిల! రోజూ పైన నింపుతున్నామే గాని పారబొయ్యడం లేదు. డెంగీ మీద ఊరంతా ఉపన్యాసాలిచ్చింది నేనే మరి.

మీరూ మూకుడు పెట్టండి. కాని రోజూ పారబొయ్యండి, వారానికోసారి అంచులు గట్టిగా తోమండి. డెంగీ దోమ గుడ్లు అంచుకంటుకుని, ఎండినా నెలల తరబడి బతికుంటాయి. రెట్టలు పొడిగా ఊడ్చకండి, తడిపి తుడవండి.

నా రక్తపోటంటారా? తగ్గింది. పిచ్చుక వల్లనంటే మీరు మాత్రలు మానేస్తారు, అందుకని అనను. మొన్న మాత్రం ఆ మేజోడుతోనే ఆస్పత్రికెళ్ళాను. కాంపౌండరు నవ్వాడు. నేను కేకలెయ్యలేదు.