నిలువుదోపిడిలో చేతిగడియారం

ఏడుకొండలవాడికి మొక్కే మొక్కుల్లో నిలువుదోపిడిది ఓ ప్రత్యేకత. ఒంటిమీద ఉన్నదంతా స్వామికే అని మొక్కుకున్నవాళ్ళు గొలుసులూ గాజులూ ఉంగరాలూ ఒక్కొక్కటే తీసి హుండీలో వేస్తారు. మెడా చెవులూ బోసిపోయాక చూపు మణికట్టు మీద పడుతుంది. అక్కడ వాచీ ఉంటుంది. ఒంటిమీద ఉన్నదంతా అన్నాక అదీ లెక్కలోకి రావాల్సిందేగా!

అలా వచ్చిన వాచీలను తిరుమల తిరుపతి దేవస్థానం రాష్ట్ర ప్రభుత్వ కొనుగోలు పోర్టల్ ద్వారా ఈ-వేలం వేస్తుంటుంది. వివరాలు కావాలంటే తిరుపతి హరేకృష్ణ మార్గంలోని మార్కెటింగ్ కార్యాలయాన్ని అడగాలి. కొత్తవి, వాడినవి, కాస్త దెబ్బతిన్నవి... అన్నిటినీ లాట్లుగా కట్టి పెడతారు. వేలం ప్రకటనల్లో టైటాన్, క్యాసియో, టైమెక్స్, సొనాటా లాంటి పేర్ల మధ్య ఆల్విన్ కూడా కనిపించింది. జపాన్ సైకో సహకారంతో మన హైదరాబాద్ ఆల్విన్ 1980ల్లో చేసిన వాచీలవి. తయారీ ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. అయినా కొండమీద హుండీలో తేలాయంటే, ఏ ఇంటి బీరువా అడుగునుంచో ఏ తాతగారి చేతినుంచో వచ్చి ఉండాలి.

బ్యాటరీ వాచీకి హుండీ అయినా ఒకటే, చెయ్యి అయినా ఒకటే. బ్యాటరీ అయిపోయేదాకా చీకట్లోనే తిరుగుతుంటుంది. కీ ఇచ్చే వాచీ అలా కాదు. నిండా కీ ఇచ్చినా మహా అయితే రోజున్నర, రెండు రోజులు. ఆటోమేటిక్ అయితే చెయ్యి కదిలితేనే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. హుండీలో కదిలే చెయ్యి ఎక్కడిది? అందుకే వేలందాకా వచ్చే మెకానికల్ వాచీ దాదాపుగా ఆగిపోయిన వాచీయే. ముల్లు ఏ గంట దగ్గర నిలిచిందో అక్కడే ఉంటుంది. అది రిపేరుదో, కీ లేక నిద్రపోతున్నదో పైకి చూస్తే చెప్పడం కష్టం. లాటు పాడుకునేవాడికి అసలు పందెం అదే.

ఎందుకంటే ఈ వాచీల మోజున్నవాళ్ళకు నడవడం ఒక్కటే చాలదు, ఎంత కచ్చితంగా నడుస్తోందో కావాలి. రోజుకు 86,400 సెకన్లు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ అని ధ్రువపత్రం ఇవ్వాలంటే పరీక్షల్లో సగటు తేడా రోజుకు 4 సెకన్ల ఆలస్యం, 6 సెకన్ల తొందర దాటకూడదు. రోలెక్స్ 2015 నుంచి ఆ హద్దును అటూ ఇటూ రెండేసి సెకన్లకు కుదించుకుంది. వందల రూపాయల బ్యాటరీ వాచీ ఇంతకన్నా బాగా టైము చూపిస్తుందన్నది వేరే సంగతి! లక్షలు పోసి కొన్నవాళ్ళకూ ఆ విషయం తెలుసు. అయినా రోజూ ఒకే వేళకు సెకన్ల ముల్లు చూసి పుస్తకంలో రాసుకుంటారు. ఒకప్పుడు ఆకాశవాణి వార్తలకు ముందొచ్చే పిప్ పిప్‌లతో సరిచూసుకున్నారు. ఇప్పుడు టిక్‌టిక్‌లు విని తేడా చెప్పే యంత్రాలూ, ఫోన్ యాప్‌లూ వచ్చాయి. రాత్రి వాచీని వెల్లకిలా పెడితే ఒక లెక్క, పక్కకు నిలబెడితే మరో లెక్క. ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు పరిగెడితే ఏ స్పీకరు అయస్కాంతమో తగిలిందన్నమాట.

ఇంత లెక్క చూసుకునే మనిషి వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో అడుగుపెడితే చూడాలి. సెల్‌ఫోన్ బయటే అప్పజెప్పాలి. ఇక టైము చెప్పేది చేతిమీది వాచీయే. పక్కవాళ్ళంతా ‘ఎంతయింది సార్?’ అని అడుగుతుంటారు. ఆయన సెకన్లతో సహా చెప్పగలడు. కంపార్ట్‌మెంటు తలుపు ఎప్పుడు తీస్తారో మాత్రం చెప్పలేడు.

చిత్తూరు వైపు వెళితే వాచీ కథ ఇంకోలా ఉంటుంది. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు వెళ్ళే పాత మద్రాసు రోడ్డు మీది ఊరిది. ఆ దారి చివర్లోనే 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. 17 జ్యూయల్స్‌తో, చేత్తో కీ ఇచ్చే ‘జనతా’ అప్పట్లో పెళ్ళికొడుక్కి పెట్టే లాంఛనం, ఉద్యోగి రిటైరైన రోజు చేతికి తొడిగే గౌరవం. గంటకు 18,000 సార్లు కొట్టుకునే గుండె దానిది. అంటే రోజుకు 4,32,000. 2016లో హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. అప్పటిదాకా బీరువాల్లో పడున్నవాటికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది.

ఇంతకీ కచ్చితమైన టైమంటే ఎవరి టైము? చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే టైము రాకముందు రైళ్ళు నడిచింది మద్రాసు టైముతో. అది ఇప్పటి టైముకన్నా దాదాపు 9 నిమిషాలు వెనక. తిరుపతి మద్రాసుకు పడమరగా ఉంది కాబట్టి సూర్యుడి లెక్కలో ఇంకాస్త వెనకబడి, నేటి గడియారానికి 12 నిమిషాల తేడా వస్తుంది. గోవిందరాజస్వామి గోపురం మీదికి సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి సగటున 12 గంటల 12 నిమిషాలవుతుంది. రెండు సెకన్ల కోసం నిద్రపోనివాళ్ళు ఈ పన్నెండు నిమిషాలను పట్టించుకోరు!

వేలంలో పాడుకున్న వాచీ కాస్త తెలిసినవాడి చేతిలో పడితే ముందు చేసే పని కీ తిప్పి చెవికి ఆనించుకోవడం. కొట్టుకుంటే సగం గెలిచినట్టే. ఎండిపోయిన నూనె, చెమటకు పట్టిన తుప్పు తర్వాత సంగతి. కంటికి భూతద్దం తగిలించుకుని బ్యాలెన్స్ చక్రం విప్పగల మెకానిక్ దొరకడమే ఇప్పుడు కష్టం. చాలాచోట్ల జరిగేది బ్యాటరీ మార్చడం, బెల్టు వేయడం అంతే. అలాంటి మెకానిక్ దొరికి, వాచీ శుభ్రమై, లివర్ రవ్వంత జరిపాక, దాన్ని చేతికి పెట్టుకున్నవాడు పుస్తకంలో కొత్త పేజీ తీస్తాడు. తేదీ వేస్తాడు. మొదటిరోజు ఎన్ని సెకన్లు తేడా వచ్చిందో మర్నాడు అదే వేళకు రాసుకోవాలి.