తొవ్వ చూపియ్యి బిడ్డా!

పదో తరగతి లెక్కల పేపరు రాసిన వాళ్లందరికీ ఓ సంగతి తెలుసు. జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులు పడతాయి. మా తరం పిల్లలకు అదో పరీక్షల కిటుకు. మా లెక్కల సారుకు మాత్రం అదే చదువు. నల్లగొండ జిల్లాలోని మా ఊరి హైస్కూల్లో ఆయన లెక్కలూ ఫిజిక్సూ రెండూ చెప్పేవారు. ఎవరైనా ఉత్సాహంగా చివరి అంకె అరిస్తే, 'జవాబు నాకెందుకు? తొవ్వ చూపియ్యి బిడ్డా' అనేవారు.

తొవ్వ అంటే ముందు 'ఇచ్చినవి' రాయాలి. కింద 'కనుక్కోవలసినది'. ఆ తర్వాతే సూత్రం. ప్రతి అంకె పక్కనా రూపాయో, మీటరో, రోజో ఉండాల్సిందే. ఉత్త అంకె రాస్తే 'ఏంటివి? మామిడికాయలా?' అనేవారు.

సారుది పాలమూరు. ఆనకట్టలూ కాలువలూ కడుతూ దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్ ఇంటి బిడ్డ. అందుకేనేమో, 'కాలం-పని' పాఠం వస్తే గొంతు మారిపోయేది. 12 మంది 15 రోజుల్లో చేసే పనిని 9 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? 12ను 15తో గుణిస్తే 180 పనిదినాలు. దాన్ని 9తో భాగిస్తే 20 రోజులు. హమ్మయ్య అని పెన్ను మూసేవాళ్లం. ఆయన మూయనిచ్చేవారు కాదు. 'ముగ్గురు ఎందుకు తగ్గిన్రు? జరమొచ్చింది. మరి ఎక్కువైన 5 రోజుల తిండి ఖర్చు ఎవల ఖాతల రాస్తరు?' అనేవారు. అడ్వాన్సు తీసుకుని మేస్త్రీ వెంట వెళ్లినవాళ్ల పిల్లలు ఆ క్లాసులోనూ ఉన్నారు. ఎవరూ మాట్లాడేవారు కాదు.

నేను తొమ్మిదిలో ఉండగా నాన్న బోరు కోసం 20 వేలు అప్పు తెచ్చారు. 'నూటికి మూడు' వడ్డీ. వినడానికెంత చిన్నగా ఉందో చూడండి! పుస్తకంలో వడ్డీ ఏడాదికి, ఊళ్లో నెలకు. 3ను 12తో గుణిస్తే ఏడాదికి 36 శాతం. బోరులో నీళ్లు పడలేదు. ఏడాదిన్నర తర్వాత అప్పిచ్చినాయన 32,096 కట్టమన్నాడు.

ఆ రాత్రి నోటు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అసలు 20,000. నెల వడ్డీ 600. కాలం 18 నెలలు. వడ్డీ 10,800. మొత్తం 30,800. మరి ఆ 1,296 ఎక్కడిది? ఏడాది కాగానే వడ్డీని అసలులో కలిపి 27,200 చేశారు. దానిమీద నెలకు 816 చొప్పున ఆరు నెలలకు 4,896. కూడితే సరిగ్గా ఆయన చెప్పిన మొత్తమే. కూడికలో తప్పు లేదు. కాకపోతే వడ్డీకి వడ్డీ కడతామన్న మాట నోటులో ఎక్కడా లేదు. నాన్న ఆ కాగితాన్ని పెద్దమనుషుల ముందు పెట్టారు. చివరికి 31,500 దగ్గర తెగింది. తగ్గింది 596 రూపాయలే... దాదాపు ఒక నెల వడ్డీ. కానీ నాన్న ఆ కాగితాన్ని పాసుపుస్తకంలో దాచుకున్నారు.

ఎండిన పాతబావి దగ్గర సారు మాకు గురుత్వాకర్షణ చెప్పారు. రాయి వదిలితే, డిజిటల్ వాచీలో సరిగ్గా 2 సెకన్లకు చప్పుడు వినిపించింది. సూత్రం ప్రకారం 9.8లో సగం 4.9. కాలం వర్గం 4. లోతు 19.6 మీటర్లు, అంటే 21 గజాల పైనే. తాడేస్తే 20 గజాలే తేలింది! 'ఒక మెట్టు మరిచిన్రు, చప్పుడు పైకి రావద్దా?' అన్నారు సారు. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. పైకి రావడానికి సెకనులో ఇరవయ్యో వంతు. అది తీసేస్తే 1.95 సెకన్లు, లోతు 18.6 మీటర్లు. ఇరవై గజాల పైన జానెడు మిగిలిందంతే.

ఫ్లోరైడ్ లెక్క కూడా ఆయనే చేయించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' సంస్థ రూపొందించింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. 4 మిల్లీగ్రాములున్న నీళ్లు 3 లీటర్లు తాగితే ఒంట్లోకి 12 మిల్లీగ్రాములు. ఎండలో పనిచేసే కూలీ 5 లీటర్లు తాగితే 20. అవే నీళ్లు! 'లీటరుకు' అన్న ఒక్క మాట వదిలేస్తే ఈ తేడా కనపడదు.

ఇప్పుడు లెక్కను ఫోన్లో ఫొటో తీస్తే చాలు, జవాబుతోపాటు స్టెప్పులూ వచ్చేస్తున్నాయి. మంచిదే. కానీ 'ఇచ్చినవి' ఏమిటో బతుకులో ఎవరూ అచ్చువేసి ఇవ్వరు. నోటు చదివి, మనిషిని అడిగి, బావిలోకి తొంగిచూసి మనమే రాసుకోవాలి. ఈ ఆదివారం మీ పిల్లల ముందు ఇంటి కరెంటు బిల్లో, చిట్టీ పుస్తకమో పెట్టి చూడండి. మొదటి మెట్టు వాళ్లనే రాయమనండి.