మంచులో పూసే శుభం

ఫిబ్రవరి 17న చైనావాళ్లకి గుర్రం సంవత్సరం వచ్చేసింది. మార్చి 3న లాంతర్ల పండగతో ఈ వేడుకలు ముగుస్తాయి. ఈ రోజుల్లో అక్కడ ఏ గుమ్మం చూసినా ఎర్ర కాగితాలే. తలుపుకి అటొకటి, ఇటొకటి అతికించిన ఆ కాగితాల మీద జంట పద్యపాదాలుంటాయి. ఒకదాంట్లో ఎన్ని అక్షరాలో రెండోదాంట్లోనూ అన్నే. ఒకదాంట్లో కొండ వస్తే రెండోదాంట్లో సరిగ్గా అదే చోట ఏ నదో రావాలి. సంప్రదాయం ప్రకారం గుమ్మానికి ఎదురుగా నిలబడి కుడిచేతి వైపు నుంచి చదవాలి. పండక్కి ప్రతి ఇల్లూ ఇంత కవిత్వం కట్టుకోవడం నాకెంత ఇష్టమో!

ఒకప్పుడు ఇవి కాగితాలు కావు, పీచ్ చెక్క పలకలు. ఆ చెక్కంటే దయ్యాలకి భయమని నమ్మకం. సోంగ్ కాలపు కవి వాంగ్ అన్‌షి (1021–1086) కొత్త సంవత్సరం మీద రాసిన చిన్న పద్యంలో పలకలు మార్చడమూ టపాకాయలూ పండగ మద్యమూ అన్నీ ఉన్నాయి. ఆయన మంత్రిగా పెద్ద సంస్కరణలు తెచ్చినవాడు. అందుకే పాత పలక తీసి కొత్తది పెట్టడంలో రాజ్యం సంగతి కూడా ఉందని అర్థం చెప్పేవాళ్లున్నారు.

ఇక పూల కబురు. నాన్‌జింగ్‌లో మింగ్ వంశపు చక్రవర్తి సమాధి పక్కనున్న గుట్ట మీద ప్లమ్ చెట్లు విరగబూసే కాలమిది. ఆకు ఒక్కటీ లేని కొమ్మ మీద, చలి పోకముందే పూస్తుంది గనకే కవులు ఈ పువ్వుని నెత్తిన పెట్టుకున్నారు. పైన్, వెదురు, ప్లమ్ కలిసి చలికాలపు ముగ్గురు నేస్తాలు. మిగతావన్నీ మోడువారిన వేళ రెండు పచ్చగా నిలబడతాయి, ఒకటి పూస్తుంది.

లిన్ బు (967–1028) గురించి చెప్పకుండా ప్లమ్ మాట ముగించలేను. హాంగ్‌జౌ పడమటి సరస్సులోని గుట్ట మీద ఒంటరిగా ఉండేవాడు. పెళ్లీ లేదు, కొలువూ లేదు. ప్లమ్ చెట్లు పెంచాడు, సారసాలు సాకాడు. సోంగ్ కాలపు పండితుడు షెన్ కువో ఒక ముచ్చట రాసిపెట్టాడు: లిన్ బు పడవలో తిరుగుతుండగా ఇంటికెవరైనా వస్తే, పని కుర్రాడు వాళ్లని కూర్చోబెట్టి పంజరం తెరిచేవాడట. సారసాలు పైకెగరడం చూసి ఆయన పడవ వెనక్కి తిప్పేవాడట. ప్లమ్ చెట్టే ఆలి, సారసాలే బిడ్డలు అన్న నానుడి ఆయన వల్లే పుట్టింది.

ఇళ్లల్లో ఇంకో పాత సరదా ఉంది. డిసెంబరులో పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజున 81 రేకుల ప్లమ్ కొమ్మ గీసి, గోడకి తగిలించి, రోజుకో రేకుకి రంగు వేస్తారు. తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది విడతలు గడిస్తే చలి పోయినట్టే. ఈసారి డిసెంబరు 21న మొదలుపెట్టినవాళ్లకి మార్చి 11న ఆఖరి రేకు నిండుతుంది.

చలి ఎప్పుడు పోతుందా అని లెక్కపెట్టినా, మంచుని శుభంగానే చూస్తారు: అది పడితే ఆ ఏడు పంట పండుతుందనేది రైతుల నానుడి. అందులో అనుభవం ఉంది. మంచు దుప్పటి కింద గోధుమ మొలకకి చలి దెబ్బ తగలదు, కరిగాక నేలకి తడి దొరుకుతుంది.

పంటకే కాదు, మనిషికీ దీవెనలున్నాయి. మన పెద్దలు శతమానం భవతి అని దీవించినట్టు, అక్కడ పుట్టినరోజున దక్షిణ పర్వతమంత ఆయుష్షు కోరతారు. ఆ మాట చైనావాళ్ల ప్రాచీన పాటల సంకలనం షీజింగ్‌లోని ఒక దీవెన పాటది. అందులో వరసగా తొమ్మిది ఉపమానాలు: కొండలు, గుట్టలు, పొంగే నది, ఉదయించే సూర్యుడు, ఎప్పుడూ పచ్చగా ఉండే పైన్... చంద్రుడూ ఉన్నాడు, కానీ నిండు చంద్రుడు కాదు, నిండుతున్న చంద్రుడు. ఇంకా పెరగాల్సినదాన్ని ఎంచుకున్నాడే, ఆ కవికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ ఏడు మాత్రం అందరి నోటా ఒకటే నానుడి: గుర్రం చేరగానే గెలుపు. ఆఫీసులోనో కాలేజీలోనో చైనా స్నేహితులుంటే ఆ మాటతోనే పలకరించండి, లాంతర్ల పండగ ఇంకా రాలేదు కదా.