పేరు మార్చడం ఎంతసేపు?

నేరంలో పాలుపంచుకుని, క్షమాభిక్షతో సాక్షిగా మారిన అప్రూవర్ చెప్పిన కథ పూసగుచ్చినట్టు సరిపోయినా, ఎదుటి మనిషికి శిక్ష వేయడానికి అది చాలకపోవచ్చు. లా పుస్తకంలో చదివినప్పుడు ఈ ముక్క నాకు తలకెక్కలేదు. ప్రొద్దుటూరులో మా సీనియర్ బంగారం తాకట్టు సంగతి తీసి చెప్పినాకే ఎక్కింది.

బంగారు కొట్ల ఊరు కాబట్టి ఆయనకు ఆ ఉదాహరణే తోచింది. బ్యాంకులో నగలకు విలువ కట్టే అప్రైజరే గిల్టు నగలు తాకట్టు పెట్టే ముఠాలో మనిషి అనుకుందాం. దొరికిపోయి అప్రూవర్‌గా మారినాడు. ఏ సంచిలో గిల్టు గాజులున్నాయో, ఎవరి పేరు మీద ఎంత లోను రాసినారో అన్నీ వరసగా చెప్పినాడు. సంచులు విప్పితే అచ్చం అట్లే ఉన్నాయి. ఆఖరున “మేనేజరుకు కూడా తెలుసు” అన్నాడు. ఇన్ని నిజాలు చెప్పినవాడు ఇదొక్కటి అబద్ధమాడతాడా అనిపిస్తుంది కదా.

“దొంగతనం చేసినోనికి దాని సంగతి తెలీకుండా ఎట్లుంటాది నాయనా? వాడు అబద్ధం చెప్పాలనుకుంటే ఆ ఒక్క పేరు కాడనే చెప్తాడు. పేరు మార్చడం ఎంతసేపు?” అన్నారాయన.

సంచుల్లో గిల్టు దొరకడం వల్ల మోసం జరిగిందని తేలుతుంది, అప్రైజర్ అందులో ఉన్నాడనీ తేలుతుంది. మేనేజరు సంగతి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దానికి వేరే ఊతం కావాలి: ఆయన ఖాతాలో పడిన డబ్బో, తనిఖీ చేయకుండానే చేసినట్టు పెట్టిన సంతకమో. అదీ అప్రూవర్ నోటి నుంచి కాకుండా బయట నుంచి రావాలి. ఇంకో నేరస్థుడు వచ్చి అదే మాట అన్నా లాభం లేదు. మచ్చ ఉన్న సాక్ష్యానికి మచ్చ ఉన్న సాక్ష్యం ఊతం కాదని ప్రివీ కౌన్సిల్ 1949లో భుబోని సాహు కేసులోనే తేల్చింది. 1957లో సర్వణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రెండు మెట్లు పెట్టింది: ముందు అప్రూవర్ నమ్మదగ్గ మనిషిగా నిలబడాలి, ఆ తర్వాతే ఊతం సంగతి.

చట్టం మాత్రం చాలాకాలం రెండు నాలుకలతో మాట్లాడింది. 1872 నాటి సాక్ష్య చట్టం 133వ సెక్షన్ ఊతం లేకపోయినా శిక్ష చెల్లుతుందనేది. అదే చట్టం 114వ సెక్షన్ కింది ఉదాహరణ, ముఖ్యమైన విషయాల్లో ఊతం లేనిదే అలాంటివాడిని నమ్మరాదనేది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 138వ సెక్షన్, ఊతం ఉన్న సాక్ష్యం మీద వేసిన శిక్ష చెల్లుతుందని మాత్రమే అంటుంది. ఊతం లేనిదాని గురించి నోరు విప్పదు. కావాలని మార్చారో లేదో గాని, నాకైతే ఈ మార్పు నచ్చింది.

మా జిల్లాలో అందరి నోళ్లలో నానిన అప్రూవర్ మోసం కేసులో మనిషి కాదు. 2019 మార్చి 15న పులివెందులలో తన ఇంట్లోనే హత్యకు గురై కనిపించిన మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి కేసులోవాడు. ఒకప్పుడు ఆయన దగ్గర డ్రైవరుగా చేసిన దస్తగిరి, నిందితుడు కూడా, 2021 ఆగస్టులో ప్రొద్దుటూరు మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు. నవంబరులో కడప కోర్టు క్షమాభిక్షకు ఒప్పుకుంది. టీ అంగళ్ల దగ్గర వాదనంతా దస్తగిరి చెప్పింది నిజమా, అబద్ధమా అన్నదాని మీదే. నా ధ్యాస జమ్మలమడుగు వైపు పోయింది. దస్తగిరి కంటే ముందే, జులైలో, అక్కడి మేజిస్ట్రేటు ముందు ఆ ఇంటి వాచ్‌మన్ వాంగ్మూలం ఇచ్చాడు. ఆయన నేరంలో భాగస్తుడు కాదు. మా సీనియర్ చెప్పిన లెక్కన, బయట నుంచి వచ్చే ఊతం అంటే ఇలాంటి మనిషి మాటే.

ఆ వాచ్‌మన్ బోనెక్కకుండానే 2025 మార్చిలో చనిపోయాడు. సీఆర్‌పీసీ 164వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు రాసుకున్న వాంగ్మూలం, సాక్షి కోర్టుకొచ్చి చెప్పి క్రాస్ ఎగ్జామినేషన్ ఎదుర్కొంటే దానికి తోడుగా పనికొస్తుంది గాని, సాధారణంగా తనంతట తాను సాక్ష్యం కాదు. మోసం కేసుల్లో ఈ చిక్కు కొంత తక్కువ. వోచర్లు, లెడ్జర్లు మనుషుల్లా పోవు. అయితే సంతకం పెట్టినవాడికి అసలు సంగతి తెలుసా లేదా అన్నది కాగితం కూడా చెప్పదు, అక్కడ మళ్లీ మనిషే కావాలి.

ఈ కేసును 2022 నవంబరులో సుప్రీంకోర్టు హైదరాబాద్ సీబీఐ కోర్టుకు మార్చింది. దస్తగిరి మాటకు ఊతం ఉందా అని ఆ కోర్టు కేసంతటికీ కలిపి ఒక్కసారే చూస్తే కుదరదు, ఒక్కో నిందితుడి పేరు దగ్గర ఆగి విడిగా చూడాల్సిందే.