మామ లెక్క

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ ఒక పల్లె. ఊరికి తూర్పున మాదిగగేరి. ఆదోని కోట నేను ఎక్కింది రెండేసార్లు.

మొదటిసారి బడిలో ఉన్నప్పుడు. సారు రాయల కాలం గురించి చెప్పుకుంటా నడిపించినాడు. సగం కొండ ఎక్కినాక రాతి గుంటలో నీళ్ళుంటే పిల్లలందరూ దిగి తాగినారు. మా గేరి పిల్లోళ్ళం నలుగురం మాత్రం గట్టుమీదే నిలబడాల. పైనుంచి దోసిట్లో పోసినారు. ఆ పొద్దు గోడ చూసిన గుర్తు లేదు నాకు. మోచేతులమీదుగా కారిపోయిన నీళ్ళే గుర్తు.

రెండోసారి 1996 సంక్రాంతికి. నేను డిగ్రీ చదువుతున్నాను. మా మామ ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలి. పండగకు మార్కెట్ మూత. ఆయనది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సొసైటీతో పేరుపడ్డ ఊరు. మగ్గాల ఊర్లో పుట్టినా మామకు మగ్గం మీద చెయ్యి పెట్టే యోగం లేదు. మా తాత కపిల బావులకు తోలుబానలు కుట్టేవాడు. కరెంటు మోటార్లొచ్చి ఆ పని పోయినాక మామ మూటలకిందికి వచ్చినాడు.

కోట ఒక్క కొండ మీద లేదు. బారాకిల్లా, తాలిబండ అనేవి పెద్దవి. వాటి చుట్టూ ఇంకా కొండలు. అన్నిటినీ కలుపుకుంటా గోడ పోతుంది. ఊరికంటే సుమారు 800 అడుగుల ఎత్తు. కొంతదూరం పోయినాక దారనేది ఉండదు, గుండ్ల సందుల్లో దూరాలి. ముళ్ళకంప, సీతాఫలం పొదలు. గోడ ఒకచోట రెండు నిలువులుంది, ఇంకోచోట మోకాలెత్తు, ఆ పక్కనే ఉత్త రాళ్ళకుప్ప. ఎవరూ బాగుచేసింది లేదు.

నేను చదివిందంతా మామకు ఒప్పజెప్పుతున్నాను. ఒకదాని లోపల ఒకటి పదకొండు గోడలున్నాయని ఫెరిష్తా రాసినాడు. 1568లో విజయనగరం చేతినుంచి బీజాపూరు ఆదిల్‌షాహీలకు పోయింది. 1688లో ఔరంగజేబు సైన్యం పట్టుకుని ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చింది. తర్వాత బసాలత్ జంగ్ జాగీరు. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి గెలిచి గోడలు పడగొట్టించినాడు. 1800లో దత్తమండలాలతోపాటు ఇంగ్లీషోళ్ళకు పోయింది. ఔరంగజేబుకంటే ముందు ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్, హబ్షీ. ఊర్లో జామియా మసీదు కట్టించింది ఆయనే. ఆ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగేవాణ్ణి. ఆఫ్రికానుంచి ఎందరినో బానిసలుగా సముద్రం దాటించిన జాతిలోంచి ఒకడు ఈ కోటకు దొర అయినాడు, చరిత్రలోకి ఎక్కినాడు. కోట కిందనే ఉన్న మా గేరులనుంచి ఒక్క పేరు కూడా పైకి ఎక్కలేదు.

మామ వింటున్నట్టు లేదు. పడిపోయిన ఒక రాయి పక్కన కూచుని మూరలతో కొలుస్తున్నాడు.

“అల్లుడా, ఇది మన దూది బేలంత ఉంది. బేలైతే నలుగురం లేపుతాం. ఇది ఆరు బేళ్ళ బరువుంటది. ఆరు నాలుగులు?”

“ఇరవై నాలుగు.”

“ఇరవై నాలుగుమంది చేతులు పట్టనీకి ఈ రాయి చుట్టూ జాగా యాడుంది? మోకు గట్టి లాగాల్సిందే. మోకు తెగితే కిందున్నోడు పాయె.” ఆ మోకు నారదో తోలుదో అని కాసేపు తనలోనే అనుకున్నాడు. వాళ్ళ నాయన తోలుతాడు పేనుతుంటే రెండో కొస పట్టుకునేది ఈయనే. ఎన్ని తోళ్ళకు ఎంత తాడొస్తుందో ఇప్పటికీ నోటిలెక్క.

“పడగొట్టింది టిప్పు అంటివే, ఆయప్పొచ్చి గడారి పట్టుకున్నాడా?”

“కూలోళ్ళే పడగొట్టింటారు మామా.”

“కట్టనీకి ఎంతిచ్చిరి, పడగొట్టనీకి ఎంతిచ్చిరి? నీ పుస్తకంలో రాసినారా?”

నేను చదివినవాటిలో ఎక్కడా లేదని చెప్పినాను. కోట పట్టుకున్న సంవత్సరాలున్నాయి, కప్పం లెక్కలున్నాయి. మార్కెట్‌లో ప్రతి బేలుకూ చీటీ రాసుకుని సాయంత్రానికి కూలి కొట్లాడి తెచ్చుకునే మనిషికి ఇది అసలు మింగుడుపడలేదు. “లెక్క రాయకుండా ఇంత పనెట్ల జేయించిరి?” అని రెండుసార్లు అడిగినాడు. వెట్టి అనే మాట ఆయనకు తెలీక కాదు. మా తాత ఊరి రెడ్డికి చెప్పులు కుట్టిచ్చింది ఏ చీటీతో?

పొద్దు వాలుతోంది. దిగుదామన్నాను. మామ వాలులో పడున్న రాళ్ళు ఒక్కోటీ వేలుపెట్టి లెక్కబెడుతున్నాడు. వంద దాటినాక ఎక్కడో తప్పినట్టుంది. మళ్ళీ మొదటి రాయి దగ్గరికి ఎక్కిపోయినాడు.