ఒంటిదారి వంతెన

రాజమహేంద్రవరంలోని ఒక కళాశాలలో ముప్పై ఏళ్ళు భూగోళశాస్త్రం బోధించిన ఆయన, తాను ఏటేటా నల్లబల్లమీద గీసిన హిమానీనదాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూడలేదు. ఉద్యోగ విరమణ తరువాత చూడవచ్చుననుకున్నారు. కాని విరమణ జరిగిన మరుసటి ఏడే కంటివైద్యుడు నీటికాసులని తేల్చాడు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని మందులతో కాపాడుకోవలసిందే. పక్కచూపు అప్పటికే చాలావరకు హరించుకుపోయింది. ఎదుటిచూపు మాత్రం నిలిచి ఉంది.

“ఉన్న చూపుతోనే చూసివద్దాం రండి,” అన్నది భార్య.

2023 ఫిబ్రవరిలో, న్యూజీలాండ్‌లో వేసవి నడుస్తుండగా, ఆ దంపతులు దక్షిణ దీవిలోని క్రైస్ట్‌చర్చ్‌లో దిగి ఒక క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకున్నారు. గ్యాస్ పొయ్యి, నీళ్ళతొట్టి, పగలు కూర్చునేందుకూ రాత్రి పడుకునేందుకూ పనికివచ్చే సీట్లు. చక్రాలమీద చిన్న కాపురమది. మన దేశంలోలాగే అక్కడా వాహనం ఎడమవైపే నడపాలి. ఆమెకున్న ధైర్యం అదొక్కటే. పెళ్ళయినది మొదలు స్టీరింగు ఆయన చేతిలోనే ఉండేది. ఆమె కారు నడపడం నేర్చుకున్నది రెండేళ్ళ క్రితమే.

ఆర్థర్స్ పాస్ అనే కనుమ ఎక్కి, 1999లో ప్రారంభమైన ఒటీరా వంతెన మీదుగా పడమటి తీరానికి దిగారు. ఒకవైపు టాస్మన్ సముద్రం, మరొకవైపు దక్షిణ ఆల్ప్స్ పర్వతాలు. సముద్రపు తేమగాలి ఆ కొండలకు తగిలి కుండపోతగా కురుస్తుంది. అందుకే మంచుశిఖరాల పాదాల చెంతనే దట్టమైన వర్షారణ్యం. రెండు భూపలకలు ఒరుసుకోగా పైకి లేచిన పర్వతాలవి. దారిపొడుగునా ఆయన పాఠం చెబుతూనే ఉన్నారు. ఆమె రోడ్డుమీదినుంచి దృష్టి మరల్చకుండా వింటూనే ఉన్నది.

ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం ఎదుట ఆయన చాలాసేపు మౌనంగా నిలబడ్డారు. పాత పాఠ్యపుస్తకం బొమ్మలో లోయలోకి బారుగా దిగివచ్చిన మంచు, ఇప్పుడు ఎగువకు ఎంతో దూరం కుంచించుకుపోయింది.

“నాకోసం ఆగలేదు,” అన్నారు చివరకు.

“మీకోసం కొంత మిగిల్చింది కదా,” అన్నదామె.

మరునాడు హాస్ట్ నది చేరారు. దానిమీది వంతెన పొడవు 700 మీటర్లకు పైనే. వెడల్పు ఒక్క వాహనానికే సరి. ఆ దేశంలోకెల్లా పొడవైన ఒంటిదారి వంతెన అదే. ఎదురుపడిన వాహనాలు తప్పుకొనేందుకు నడుమ రెండుచోట్ల మాత్రం కాస్త జాగా ఉంచారు. ఆమె వ్యాన్ ఆపివేసింది. గాలి తోస్తోంది, చేతులు వణుకుతున్నాయి.

“అంచులు చూసుకోనా, ఎదురుగా వచ్చేవాటిని చూడనా?”

“అంచులు నువ్వు చూసుకో. ఎదుటి దారి నేను చూస్తాను,” అన్నారాయన.

ఆయనకు మిగిలిన చూపు అదే.

కొంతదూరం పోయాక, “లారీ వస్తోంది. ముందున్న జాగాలో ఆగు,” అన్నారు. ఆమె ఆగింది. లారీ డ్రైవరు చెయ్యెత్తి పలకరించి దాటిపోయాడు. “ఇక పోనివ్వు.”

అవతలి గట్టున వ్యాన్ పక్కకు నిలిపి ఆమె కళ్ళు తుడుచుకున్నది. ఆయన తడుముకుంటూ పొయ్యి వెలిగించారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన కాచిన మొదటి టీ అది. పంచదార ఎక్కువైంది. ఆమె ఆ మాట చెప్పలేదు.

ఇంటికి తిరిగివచ్చాక ఆయన చూపేమీ మెరుగుపడలేదు. పూటపూటా కంట్లో మందుచుక్కలు వేసేది ఆమే. సాయంత్రాలు గోదావరి గట్టుకు వెళ్ళేటప్పుడు మాత్రం ఆ వంతెన మీది ఒప్పందమే నేటికీ నడుస్తోంది: పక్కలు ఆమె చూస్తుంది, ఎదుటి దారి ఆయన చూస్తారు.